పాఠశాలల్లో పిల్లల ఎత్తు, బరువు కొలత

ప్రాథమిక పాఠశాలలో చదువుకొనే పిల్లల ఎత్తును, బరువును నిర్ణీత కాలవ్యవధులలో కొలిచి, వాటిని వయస్సుతో పోల్చి, ఎదుగుదల సక్రమంగా ఉన్నదో లేదో తెలుసుకొనే ప్రక్రియను పాఠశాలల్లో పిల్లల ఎత్తు, బరువు కొలత అంటారు. పాఠశాల ఆరోగ్య సేవలలో ఇది మిక్కిలి చవకైనది, సులభమైనది. నిలువుగా బిగించిన ఒక కొలబద్ద, బరువు తూచే ఒక యంత్రం, ఒక నమోదు పుస్తకం ఉంటే చాలు. రక్తం తీయవలసిన పని గాని, ప్రయోగశాల గాని అవసరం లేదు. అయితే ఈ కొలత వలన కలిగే ప్రయోజనం మూడు విషయాలపై ఆధారపడి ఉంటుంది. మొదటిది, కొలతను సరిగా తీయడం. రెండవది, అదే బిడ్డను ఏటేటా కొలిచి ఆ అంకెలను వరుసగా చూడడం. మూడవది, లోపం కనబడినప్పుడు తగిన చర్య తీసుకోవడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కొరవడినా ప్రోగ్రెస్ కార్డులోని ఎత్తు, బరువు గడులు అలంకారప్రాయంగా మిగిలిపోతాయి.

ప్రాముఖ్యత

పిల్లల ఎదుగుదల ఆహారం, ఆరోగ్యం, వంశపారంపర్య లక్షణాలు, పరిసరాల పరిశుభ్రత మొదలైన అనేక అంశాలపై ఆధారపడుతుంది. చాలినంత తిండి దొరకనప్పుడు, లేదా తరచు విరేచనాలు, నులిపురుగులు, దీర్ఘకాలిక జబ్బులు బాధించినప్పుడు బిడ్డ మొదట బరువు కోల్పోతుంది. ఆ స్థితి నెలల తరబడి కొనసాగితే ఎత్తు పెరగడం మందగిస్తుంది. కనుక బరువు ఇటీవలి స్థితిని, ఎత్తు గడచిన సంవత్సరాల స్థితిని తెలుపుతాయని స్థూలంగా చెప్పవచ్చు.

వయస్సుకు తగిన ఎత్తు లేకపోవడాన్ని గిడసబారడం అని, ఎత్తుకు తగిన బరువు లేకపోవడాన్ని కృశించడం అని వ్యవహరిస్తారు. గిడసబారిన బిడ్డ చూడడానికి రోగిలా కనిపించదు. తనకన్నా ఒకటి రెండేళ్ళు చిన్నవారి ఎత్తులో ఉంటుంది, అంతే. ఊరిలో ఎక్కువమంది పిల్లలు అదే స్థితిలో ఉంటే ఆ పొట్టితనమే సహజమని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడా భావిస్తారు. కంటికి ఆనని ఈ లోపాన్ని కొలత బయటపెడుతుంది.

పోషకాహార లోపం ఒక్కటే కాక కొన్ని వ్యాధులు కూడా ఎదుగుదల మందగించడం ద్వారానే మొదట బయటపడతాయి. థైరాయిడ్ గ్రంథి లోపం, ఎదుగుదల హార్మోను లోపం, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధులు, బాలికలలో కనిపించే టర్నర్ సిండ్రోమ్ ఇటువంటివి. ఎముకల చివరన ఉండే ఎదుగుదల ఫలకాలు యౌవన దశ ముగిసేసరికి మూసుకుపోతాయి. ఆ తరువాత ఎంత చికిత్స చేసినా ఎత్తు పెరగదు. ప్రాథమిక పాఠశాల దశలోనే గుర్తిస్తే వైద్యానికి వ్యవధి దొరుకుతుంది.

ఇందుకు పూర్తిగా భిన్నమైన సమస్య అధిక బరువు. పట్టణాలలో, ఇటీవలి కాలంలో గ్రామాలలో కూడా, చిన్న వయస్సులోనే స్థూలకాయం కలిగిన పిల్లలు కనిపిస్తున్నారు. ఒకే తరగతి గదిలో కృశించిన బిడ్డ, స్థూలకాయం ఉన్న బిడ్డ పక్కపక్కనే కూర్చొనే పరిస్థితిని పోషకాహార శాస్త్రవేత్తలు జంట భారం అంటున్నారు.

చరిత్ర

ఒక బిడ్డ ఎత్తును పుట్టుక నుండి క్రమంగా కొలిచిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ ఫ్రాన్సు దేశానికి చెందినది. ఫిలిబెర్ గెనో ద మోంబెయార్ తన కుమారుని ఎత్తును 1759 నుండి 1777 వరకు, దాదాపు ఆరేసి నెలలకు ఒకసారి కొలిచాడు. ప్రకృతి శాస్త్రవేత్త బ్యూఫాన్ ఈ కొలతలను తన గ్రంథంలో ప్రచురించాడు. శైశవంలో వేగంగా, బాల్యంలో నిదానంగా, యౌవనారంభంలో మరల వేగంగా ఎత్తు పెరుగుతుందన్న విషయం ఈ ఒక్క బాలుని కొలతలలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెట్లే 19వ శతాబ్దం తొలి సగంలో అనేకమంది ఎత్తు, బరువులను సేకరించి, బరువుకు ఎత్తు వర్గంతో ఉన్న సంబంధాన్ని పరిశీలించాడు. ఆ నిష్పత్తికే 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు.

పిల్లల కొలతలు సామాజిక అవసరంగా మారడానికి కర్మాగారాలు కారణమయ్యాయి. బ్రిటన్‌లో 1833 నాటి కర్మాగారాల చట్టం తొమ్మిదేళ్ళ లోపు పిల్లలను చాలా రకాల బట్టల మిల్లులలో పనికి పెట్టుకోరాదని నిషేధించింది. ఇంగ్లండులో జననాల నమోదు 1837లో గాని మొదలు కాలేదు. బిడ్డ వయస్సుకు నిదర్శనం లేకపోవడంతో ఎత్తును బట్టి వయస్సును నిర్ణయించడానికి ప్రయత్నించారు. ఆ సందర్భంలో మిల్లు పిల్లల ఎత్తులను పెద్ద సంఖ్యలో కొలిచారు.

పాఠశాల పిల్లలను పెద్ద ఎత్తున కొలిచిన వారిలో అమెరికాకు చెందిన హెన్రీ పికరింగ్ బౌడిచ్ ముఖ్యుడు. ఆయన బోస్టన్ నగరంలో దాదాపు 24 వేలమంది విద్యార్థుల కొలతలు సేకరించి 1877లో ఫలితాలను ప్రకటించాడు. యౌవనారంభ దశలో కొంతకాలం బాలికలు తమ ఈడు బాలురను ఎత్తులోను, బరువులోను మించిపోతారని, సంపన్న కుటుంబాల పిల్లలు పేద పిల్లలకన్నా పొడుగ్గా ఉంటారని ఆయన చూపాడు.

1899 నుండి 1902 వరకు జరిగిన బోయర్ యుద్ధ కాలంలో సైన్యంలో చేరడానికి వచ్చిన బ్రిటిష్ యువకులలో అనేకులు శారీరకంగా అనర్హులని తేలారు. దీనిపై ఏర్పడిన కమిటీ 1904లో నివేదిక ఇచ్చింది. ఫలితంగా 1906లో పాఠశాల భోజన చట్టం, 1907లో పాఠశాల పిల్లల వైద్య పరీక్షలకు సంబంధించిన చట్టం వచ్చాయి. వైద్య పరీక్షలో ఎత్తు, బరువు కొలత ఒక భాగమైంది.

జపాన్‌లో జాతీయ స్థాయి పాఠశాల ఆరోగ్య గణాంకాలు 1900 నుండి లభిస్తున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కొంత అంతరాయం కలిగినా ఈ పరంపర నేటికీ సాగుతున్నది. యుద్ధానికి ముందు 1939లో కొలిచిన పిల్లలకన్నా 1948లో కొలిచిన అదే వయస్సు పిల్లలు పొట్టిగా ఉన్నారు. యుద్ధకాలపు ఆకలి పిల్లల ఎముకలలో నమోదైందని దీనినిబట్టి తెలుస్తుంది. తరువాతి దశాబ్దాలలో ఆహారం మెరుగుపడడంతో జపాన్ పిల్లల ఎత్తు గణనీయంగా పెరిగింది.

ఇంగ్లండులో 2005-06 నుండి జాతీయ బాలల కొలత కార్యక్రమం అమలులో ఉన్నది. ఇందులో 4-5 సంవత్సరాల వయస్సులోను, 10-11 సంవత్సరాల వయస్సులోను పిల్లలను కొలుస్తారు. కోవిడ్ కారణంగా పాఠశాలలు మూతపడిన తరువాత 2020-21లో తీసిన కొలతలలో 4-5 ఏళ్ళ పిల్లలలో స్థూలకాయం 9.9 శాతం నుండి 14.4 శాతానికి, 10-11 ఏళ్ళ పిల్లలలో 21.0 శాతం నుండి 25.5 శాతానికి పెరిగినట్లు తేలింది. అంతకుముందు ఏటేటా తీసిన కొలతలు ఉండడం వల్లనే ఈ మార్పును గుర్తించడం సాధ్యపడింది.

భారతదేశంలో

భారతదేశంలో పాఠశాల పిల్లలకు వైద్య పరీక్షలు 1909లో బరోడా నగరంలో ప్రారంభమైనట్లు వైద్య గ్రంథాలు పేర్కొంటున్నాయి. 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ, దేశంలో పాఠశాల ఆరోగ్య సేవలు దాదాపు లేవనే చెప్పింది. స్వాతంత్ర్యానంతరం రేణుకా రే అధ్యక్షతన 1960లో ఏర్పడిన పాఠశాల ఆరోగ్య కమిటీ 1961లో తన సిఫారసులను అందజేసింది.

భారతీయ వైద్య పరిశోధన మండలి 1956 నుండి 1965 వరకు వివిధ ప్రాంతాల పిల్లల కొలతలు సేకరించి 1972లో నివేదిక ప్రచురించింది. ఆ పిల్లలలో చాలామంది పేద వర్గాలకు చెందినవారు. వారి సగటును ఆదర్శ ప్రమాణంగా తీసుకోరాదనే అభిప్రాయం తరువాత బలపడింది.

1995 ఆగస్టు 15న జాతీయ స్థాయిలో ప్రాథమిక పాఠశాలల పోషకాహార కార్యక్రమం మొదలైంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తరువాత వండిన భోజనం పెట్టే పద్ధతి దేశమంతటా విస్తరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2003 జనవరిలో ప్రారంభమైంది. 2010 నవంబరు 14న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జవహర్ బాల ఆరోగ్య రక్ష అనే పాఠశాల ఆరోగ్య కార్యక్రమాన్ని చేపట్టింది. 2013 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని ప్రకారం ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏ.ఎన్.ఎం., ఒక ఫార్మసిస్టు ఉండే సంచార బృందం ప్రభుత్వ పాఠశాలలను ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీ కేంద్రాలను రెండుసార్లు సందర్శించి పిల్లలను పరీక్షించాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో అయిదేళ్ళ లోపు పిల్లలను, 15 సంవత్సరాలు నిండిన స్త్రీ పురుషులను కొలుస్తారు. ప్రాథమిక పాఠశాల వయస్సు వారు ఈ రెండింటికి నడుమ మిగిలిపోతారు. ఈ కొరతను 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే కొంతవరకు తీర్చింది. దాని ప్రకారం దేశంలో 5 నుండి 9 సంవత్సరాల పిల్లలలో 22 శాతం మంది గిడసబారినవారు, 23 శాతం మంది సన్నబడినవారు, 4 శాతం మంది అధిక బరువు కలవారు.

తెలుగు ప్రాంతాలలో అధ్యయనాలు

కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాలలు 1958లో హైదరాబాదుకు తరలివచ్చాయి. 1969లో ఆ సంస్థ జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. 1972లో దాని ఆధ్వర్యంలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ మండలి ఏర్పడి, పలు రాష్ట్రాల గ్రామాలలో ప్రజల ఆహారాన్ని, ఎత్తు బరువులను దశాబ్దాల పాటు నమోదు చేసింది.

ఈ సంస్థ 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో ఒక ప్రయోగం నిర్వహించింది. వాటిలో 15 గ్రామాలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. మిగిలిన 14 గ్రామాలలో అప్పటికి ఆ పథకం అమలు కాలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలు 13-18 ఏళ్ళ వారయ్యాక తిరిగి కొలిచినప్పుడు, అదనపు ఆహారం అందిన గ్రామాల పిల్లలు రెండవ వర్గం వారికన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నట్లు తేలింది. ఈ ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో నాలుగు దేశాలలో సాగుతున్న యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని దాదాపు 3 వేలమంది పిల్లలతో ప్రారంభమై, వారిని పలు దఫాలు కొలిచింది. మధ్యాహ్న భోజనానికి సంబంధించి ఈ అధ్యయనం ఒక ముఖ్యమైన విషయాన్ని వెల్లడించింది. కరువు కారణంగా చిన్నతనంలో ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలు, పాఠశాలలో భోజనం తిన్న తరువాత ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకోగలిగారు. 2014లో ప్రచురితమైన ఈ ఫలితం ఒకసారి గిడసబారిన బిడ్డ ఇక కోలుకోదనే నిరాశకు సమాధానంగా నిలిచింది. ఒకే బిడ్డను మరల మరల కొలవడం వల్లనే ఈ విషయం తెలిసింది.

ఎత్తు కొలిచే విధానం

1. కొలబద్దను సమతలంగా, గట్టిగా ఉన్న నేలపై నిలువుగా అమర్చాలి. చాప, తివాచీ, ఎగుడుదిగుడు బండలు పనికిరావు. గోడకు టేపు అంటించినట్లయితే దాని సున్నా నేలను తాకుతున్నదో లేదో ఉక్కు టేపుతో సరిచూడాలి.
2. చెప్పులు, బూట్లు, మేజోళ్ళు తీయించాలి. బాలికల జడ, పూలు, రిబ్బన్లు, క్లిప్పులు తల పైభాగాన అడ్డు లేకుండా చూడాలి. నడినెత్తిన వేసిన కొప్పు 2-3 సెంటీమీటర్ల తేడా తెస్తుంది.
3. మడమలు, పిరుదులు, వీపు పైభాగం గోడను తాకేలా నిలబెట్టాలి. మోకాళ్ళు వంగరాదు, మడమలు లేవరాదు.
4. బిడ్డ చూపు ఎదురుగా ఉండాలి. కంటి గుంత కింది అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే సమతల రేఖలో ఉండాలి.
5. గాలి నిండుగా పీల్చమని చెప్పి, జుట్టు అణిగేలా తలపలకను దించాలి. తలపలక లేనిచోట నోటుపుస్తకం అట్ట బదులు, గోడకు లంబంగా ఆనే చెక్క దిమ్మను వాడడం మేలు.
6. కొలిచేవారి కన్ను అంకె ఎదుట ఉండాలి. పైనుండి గాని కిందినుండి గాని చూస్తే అంకె మారుతుంది. 0.1 సెంటీమీటరు వరకు నమోదు చేయాలి.
7. రెండుసార్లు కొలవాలి. రెండింటి మధ్య అర సెంటీమీటరుకు మించి తేడా ఉంటే మూడవసారి కొలవాలి.

మనిషి ఎత్తు ఉదయంకన్నా సాయంత్రానికి దాదాపు 1 సెంటీమీటరు వరకు తగ్గుతుంది. వెన్నుపూసల మధ్యనున్న మెత్తని భాగాలు శరీర భారానికి అణగడం ఇందుకు కారణం. కనుక ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు కొలవడం మంచిది.

బరువు కొలిచే విధానం

యంత్రాన్ని గట్టి నేలపై ఉంచి, సున్నా చూపుతున్నదని నిర్ధారించుకోవాలి. స్ప్రింగుతో పనిచేసే యంత్రాలు కాలక్రమేణా తప్పు చూపుతాయి. కిరాణా దుకాణంలో లభించే, ప్రభుత్వ ముద్ర ఉన్న 5 కిలోల, 10 కిలోల తూకపు రాళ్ళను పెట్టి సరిచూసుకోవచ్చు. పిల్లలు సాధారణమైన పలుచని దుస్తులలో, పాదరక్షలు లేకుండా, యంత్రం మధ్యలో కదలకుండా, దేనినీ పట్టుకోకుండా నిలబడాలి. జేబులలోని గోళీలు, పెన్నులు, బెల్టులు ముందే తీయించాలి. మధ్యాహ్న భోజనానికి ముందే తూచడం ఉత్తమం. బరువును 0.1 కిలో వరకు నమోదు చేయాలి.

వయస్సు నమోదు

ఎత్తు, బరువులకన్నా తరచుగా తప్పు దొర్లేది వయస్సులో. బడిలో చేర్చేటప్పుడు ప్రవేశ నిబంధనకు సరిపోయేలా పుట్టిన తేదీని ఉజ్జాయింపుగా రాయించే అలవాటు చాలాకాలం ఉండేది. ఉదాహరణకు 108 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక బాలుని వయస్సు 6 సంవత్సరాలని రాస్తే అతడు సాధారణ పరిధిలోనే ఉన్నట్లు లెక్క. అతని అసలు వయస్సు 7 సంవత్సరాలైతే గిడసబారిన వారిలో చేరుతాడు. జనన ధ్రువపత్రాన్ని గాని, టీకాల కార్డును గాని చూసి తేదీ, నెల, సంవత్సరం రాసుకోవాలి.

ప్రమాణాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా ఆరు దేశాలలో జరిపిన అధ్యయనం ఆధారంగా 2006లో అయిదేళ్ళ లోపు పిల్లల ప్రమాణాలను, 2007లో 5-19 సంవత్సరాల వారికి సూచిక పట్టికలను విడుదల చేసింది. 2007 పట్టికలకు ప్రధానంగా అమెరికా పిల్లల పాత కొలతలు ఆధారం. వాటిలోని మధ్యగత విలువలు ఈ విధంగా ఉన్నాయి.

6 సంవత్సరాలు: బాలురు 116.0 సెం.మీ., 20.5 కిలోలు, బాలికలు 115.1 సెం.మీ., 20.2 కిలోలు
7 సంవత్సరాలు: బాలురు 121.7 సెం.మీ., 22.9 కిలోలు; బాలికలు 120.8 సెం.మీ., 22.4 కిలోలు
8 సంవత్సరాలు: బాలురు 127.3 సెం.మీ., 25.4 కిలోలు, బాలికలు 126.6 సెం.మీ., 25.0 కిలోలు
9 సంవత్సరాలు: బాలురు 132.6 సెం.మీ., 28.1 కిలోలు, బాలికలు 132.5 సెం.మీ., 28.2 కిలోలు
10 సంవత్సరాలు: బాలురు 137.8 సెం.మీ., 31.2 కిలోలు, బాలికలు 138.6 సెం.మీ., 31.9 కిలోలు

మధ్యగతం అంటే సగంమంది దానికన్నా పైన, సగంమంది దానికన్నా కింద ఉండే విలువ. ఇది ప్రతి బిడ్డ చేరుకోవలసిన లక్ష్యం కాదు. మధ్యగతం నుండి రెండు ప్రమాణ విచలనాలకన్నా తక్కువ ఎత్తు ఉన్నప్పుడే గిడసబారినట్లు లెక్కిస్తారు. ఆరేళ్ళ బాలురలో ఈ హద్దు దాదాపు 106 సెంటీమీటర్లు, ఏడేళ్ళ బాలురలో దాదాపు 111 సెంటీమీటర్లు. భారతీయ శిశువైద్యుల సంఘం 5-18 సంవత్సరాల వారికి 2015లో ప్రత్యేక పట్టికలను రూపొందించింది. దేశంలోని శిశువైద్యులు వీటిని విరివిగా వాడుతున్నారు.

బాడీ మాస్ ఇండెక్స్ కోసం కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించాలి. 1.38 మీటర్ల ఎత్తు, 42 కిలోల బరువు ఉన్న పదేళ్ళ బాలునికి ఇది దాదాపు 22. పెద్దవారిలో 22 సాధారణమైన విలువ. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం పదేళ్ళ బాలునిలో ఇది స్థూలకాయం. కనుక పెద్దలకు వాడే హద్దులను పిల్లలకు వర్తింపజేయరాదు. వయస్సును, బాలుడా బాలికా అన్నదానిని బట్టి పట్టికలోనే చూడాలి.

వరుస కొలతల ఆవశ్యకత

మూడవ తరగతి చదివే ఎనిమిదేళ్ళ బాలికలు ఇద్దరు 121 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నారనుకుందాం. ఆ ఒక్క రోజు కొలతను చూస్తే ఇద్దరిదీ ఒకే స్థితి. ఇద్దరూ సాధారణ పరిధిలోనే ఉన్నారు. నిరుటి పుస్తకం తిరగవేస్తే మొదటి బాలిక ఎత్తు 115, రెండవ బాలిక ఎత్తు 119 అని ఉంది. మొదటి బాలిక ఏడాదిలో 6 సెంటీమీటర్లు పెరిగింది. ఆమె కొంచెం పొట్టిగా ఉన్నా చక్కగా ఎదుగుతున్నది. రెండవ బాలిక నిరుడు మధ్యగతానికి దగ్గరగా ఉండి, ఈ ఏడాది 2 సెంటీమీటర్లు మాత్రమే పెరిగింది. వైద్యుని వద్దకు పంపవలసినది ఈమెనే. నిరుటి అంకె లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు.

అయిదేళ్ళు దాటిన తరువాత యౌవనారంభం వరకు పిల్లలు సాధారణంగా ఏడాదికి 5-6 సెంటీమీటర్ల ఎత్తు, 2-3 కిలోల బరువు పెరుగుతారు. ఏడాదికి 4 సెంటీమీటర్లకన్నా తక్కువ పెరిగితే కారణం వెదకాలి. బాలికలలో వేగవంతమైన ఎదుగుదల బాలురకన్నా దాదాపు రెండేళ్ళు ముందు వస్తుంది. నాలుగు, అయిదు తరగతులలో బాలికలు బాలురకన్నా పొడుగ్గా కనిపించడం సహజమే.

విద్యా సంవత్సరం ఆరంభంలో ఒకసారి, ఆరు నెలల తరువాత మరొకసారి కొలవడం అనుకూలమైన పద్ధతి. బిడ్డ వేరే బడికి మారినప్పుడు బదిలీ పత్రంతో పాటు కొలతల కార్డు కూడా వెళ్ళాలి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

ప్రోగ్రెస్ కార్డులు పూర్తి చేయవలసిన గడువు దగ్గర పడినప్పుడు నిరుటి అంకెకు కొంత కలిపి రాయడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇటువంటి అంకె అసలు లేకపోవడంకన్నా హానికరం. ఎదుగుదల ఆగిపోయిన బిడ్డ కూడా కాగితం మీద పెరుగుతూనే ఉంటుంది. తరగతిలో అందరి ఎత్తూ 5తో గాని, సున్నాతో గాని ముగిసే అంకెలైతే అవి అంచనాగా రాసినవని అనుమానించవచ్చు. బిడ్డ ఎత్తు నిరుటికన్నా తగ్గినట్లు కనిపిస్తే రెండు కొలతలలో ఒకటి తప్పు. దర్జీలు వాడే గుడ్డ టేపు సాగిపోయి తక్కువ చూపుతుంది. అంగుళాలను, సెంటీమీటర్లను కలగలపడం కూడా జరుగుతుంటుంది.

ఏకోపాధ్యాయ పాఠశాలలలో ఈ పని భారమే. ఒకరు కొలిచి, మరొకరు రాసే ఏర్పాటు ఉంటే వేగంగాను, తప్పులు లేకుండాను సాగుతుంది. ఏ.ఎన్.ఎం. గాని, ఆశా కార్యకర్త గాని, అంగన్‌వాడీ కార్యకర్త గాని సాయపడవచ్చు. అయిదవ తరగతి పిల్లలకు కొలబద్ద చదవడం నేర్పితే గణితంలో దశాంశాలు, సగటు, రేఖాచిత్రాలు బోధించడానికి కూడా ఉపయోగపడుతుంది. అయితే తోటి పిల్లల బరువు వారి చేత చదివించరాదు.

పిల్లల గౌరవం

శరీరాన్ని బట్టి పెట్టే ఎగతాళి పేర్లు బడిలో త్వరగా అతుక్కుంటాయి, చాలాకాలం వదలవు. తరగతి అందరి ముందు బరువును బిగ్గరగా చదవడం, ఎత్తు వరుసలో నిలబెట్టి వ్యాఖ్యానించడం అందుకు అవకాశమిస్తాయి. ఒక్కొక్కరిని విడిగా కొలవడం, అంకెను మౌనంగా రాయడం, ఫలితాన్ని తల్లిదండ్రులకు మాత్రమే తెలియజేయడం మంచి పద్ధతి. బాలికలను కొలిచేటప్పుడు ఉపాధ్యాయిని ఉండాలి.

బరువు బయటకు చెబితే బిడ్డకు దిష్టి తగులుతుందని భావించే కుటుంబాలు ఉన్నాయి. ఆ నమ్మకాన్ని హేళన చేస్తే మరుసటి కొలత నాడు బిడ్డ బడికి రాకపోవచ్చు. అంకెను గోప్యంగా ఉంచుతామని చెప్పడం వలన ఆ కుటుంబపు సంకోచం, బిడ్డ గౌరవం రెండూ నిలుస్తాయి.

వాదోపవాదాలు

1980ల తొలి సంవత్సరాలలో అమెరికా ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్, పేద దేశాలలోని పిల్లలలో చాలామంది పొట్టిగా ఉన్నప్పటికీ ఆరోగ్యంగానే ఉన్నారని వాదించాడు. దీనిని ఒప్పుకుంటే పోషకాహార లోపం గల పిల్లల సంఖ్య కాగితం మీద ఒక్కసారిగా తగ్గిపోతుంది. జాతీయ పోషకాహార సంస్థకు సంచాలకునిగా పనిచేసిన సి.గోపాలన్ ఈ వాదాన్ని తీవ్రంగా ఖండించాడు. సంపన్నుల బిడ్డలకు ఒక ప్రమాణం, పేదల బిడ్డలకు అంతకన్నా తక్కువ ప్రమాణం పెట్టడం పేదరికాన్ని సహజమని ఒప్పుకోవడమేనని ఆయన వాదన సారాంశం. మంచి పోషణ పొందిన భారతీయ శిశువులు ఇతర దేశాల శిశువులతో సమానంగా ఎదుగుతారని 2006 నాటి ప్రమాణాలకు ఆధారమైన అధ్యయనం తరువాత నిరూపించింది.

బాడీ మాస్ ఇండెక్స్ కండకు, కొవ్వుకు తేడా చూపదనేది మరొక విమర్శ. భారతీయులలో సన్నగా కనిపించే శరీరంలో కూడా కొవ్వు పాలు ఎక్కువగా ఉండవచ్చు. అందుచేతనే భారతీయ శిశువైద్యుల సంఘం అధిక బరువుకు హద్దును తక్కువగా నిర్ణయించింది.

కొలిచి నివేదిక పంపినంత మాత్రాన ఫలితం ఉంటుందా అన్నది మూడవ ప్రశ్న. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 79 పాఠశాలలలో జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. తల్లిదండ్రులకు బాడీ మాస్ ఇండెక్స్ నివేదికలు పంపడం వలన పిల్లల బరువులో మెరుగుదల కనిపించలేదు. పైగా బడిలో తూచిన పిల్లలలో తమ బరువు పట్ల అసంతృప్తి పెరిగింది. సహాయం తోడు కాని కొలత నిష్ప్రయోజనమని ఈ పరిశోధన హెచ్చరిస్తున్నది.

కొలత తరువాత

కొలతలో లోపం కనిపించినప్పుడు మొదట మరొకసారి కొలిచి నిర్ధారించుకోవాలి. పిమ్మట తల్లిదండ్రులను పిలిచి, బిడ్డ ఉదయం ఏమి తిని వస్తున్నది, మధ్యాహ్న భోజనం తింటున్నదా, తరచు జబ్బు పడుతున్నదా అని అడిగి తెలుసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తహీనత పరీక్ష చేయించాలి. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం నాడు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర, బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్ర ఆ బిడ్డకు తప్పకుండా అందుతున్నవో లేదో చూడాలి. ఎత్తు పెరగడం ఆగిపోయిన బిడ్డను రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందం ద్వారా జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపవచ్చు. అధిక బరువు ఉన్న బిడ్డకు పస్తులు పెట్టరాదు. చిరుతిళ్ళు, తీపి పానీయాలు తగ్గించి, రోజూ ఆటలకు సమయం కేటాయించాలి.

పంపిన బిడ్డ ఆస్పత్రికి వెళ్ళినదీ లేనిదీ, వైద్యులు ఏమి చెప్పినదీ కొలతల పుస్తకంలోనే అదే వరుసలో రాసి ఉంచడం మంచిది. ఆరు నెలల తరువాత మరల కొలిచేటప్పుడు ముందుగా చూడవలసినది ఆ వరుసనే.